ఎంత ఇస్తారని కాదు, నిర్ణయం ఎవరిదని అడుగుదాం

మన గూడేనికి ఒక ఫౌండేషన్ వాళ్లు వచ్చారనుకోండి. బ్యానర్ కడతారు, ఫొటోలు దిగుతారు. "మీకేం కావాలో మీరే చెప్పండి" అంటారు. మనం చెప్తాం. కొన్నేళ్లకు ప్రాజెక్టు అయిపోతుంది. తర్వాత ఊళ్లో ఏం మిగిలింది? ఈ ప్రశ్నకు నిజం చెప్పే దాతలు చాలా తక్కువ. చెప్పిన ఒక సంస్థ కథ విందాం.

అమెరికాలోని హ్యూలెట్ ఫౌండేషన్ 1996లో మొదలుపెట్టిన ఒక కార్యక్రమానికి కాలిఫోర్నియాలో మూడు పేద బస్తీలను ఎంచుకుంది: శాన్ హోసే నగరంలో మేఫెయిర్, ఈస్ట్ పాలో ఆల్టో, వెస్ట్ ఓక్లాండ్. నల్లజాతి వాళ్లు, మెక్సికో నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు ఉండే చోట్లవి. పదేళ్లలో 2 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. బస్తీవాళ్లే ముందుండి నడపాలన్నారు. 2007లో ఆ సంస్థే ఒక నివేదిక రాయించి బయటపెట్టింది: అనుకున్నంత మార్పు రాలేదు.

ఎందుకు రాలేదు? "ప్రజలే నడపాలి" అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకున్నారు. బస్తీవాళ్లు నిర్ణయం మాదే అనుకున్నారు. డబ్బిచ్చినవాళ్లు లెక్కకు అందే ఫలితాలు చూపించమన్నారు. మధ్యలో స్థానిక ఫౌండేషన్లు ఇంకో అంచె. చివరి మాట ఎవరిదో మొదట్లోనే తేల్చుకోలేదు. వెస్ట్ ఓక్లాండ్‌లో అయితే పని మధ్యలోనే ఆగిపోయింది.

మరి మిగిలిందేంటి? మేఫెయిర్ చూడండి. రైతుకూలీల నాయకుడు సీజర్ చావెజ్ 1950లలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టిన నేల అది. ఈ ప్రాజెక్టులో పుట్టిన బస్తీ సంఘం ఆ డబ్బు ఆగిపోయాక కూడా నిలబడింది. అంటే, గ్రాంటు పోయినా సంఘం ఉంటుంది, అది జనానిదైతేనే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలి. ఎక్కడ, దేనికి అన్నది కంపెనీ బోర్డే తేలుస్తుంది. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మనకు 1996 పెసా చట్టం ఉంది. పంచాయతీ అభివృద్ధి పనులు మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం కావాలి. ఆ డబ్బు సరిగ్గా ఖర్చయిందని సర్టిఫికెట్ ఇవ్వాల్సిందీ గ్రామసభే. సర్కారు డబ్బుకే ఆ నియమం ఉన్నప్పుడు దాత డబ్బుకు ఎందుకు ఉండొద్దు?

"వచ్చే సాయం చెడగొట్టకండి" అని కొందరంటారు. సాయం వద్దని ఎవరన్నారు? నీళ్లు కావాలి, బడి కావాలి, ఆస్పత్రి కావాలి. కానీ ఊరి సంఘం ప్రాజెక్టు ఆఫీసుగా మారిపోతే, మన కుర్రాళ్లు హక్కుల కోసం అడగడం మాని రిపోర్టులు రాసుకుంటూ కూర్చుంటే, రేపు భూమి మీదికి ఎవరైనా వచ్చిన రోజు మాట్లాడేదెవరు?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఎవరొచ్చినా సంతకానికి ముందు గ్రామసభలో కూర్చోబెట్టి మూడు మాటలు అడగండి. చివరి నిర్ణయం ఎవరిది? లెక్కలు మా భాషలో మా ముందు చెప్తారా? మీరు వెళ్లాక ఈ పని ఎవరి చేతుల్లో ఉంటుంది?

జవాబు చెప్పగలిగితే రమ్మందాం. లేకపోతే ఆ బ్యానర్ మడిచి తీసుకెళ్లమందాం.