ట్రాక్టరు ట్రక్కులు – కూలీల ప్రాణాలు

నాట్ల రోజులు వచ్చాయంటే తెల్లవారుజామున ఏ ఊళ్ళో చూసినా ఒకటే దృశ్యం. ట్రాక్టరు ట్రక్కులో కిక్కిరిసిన కూలి స్త్రీలు, చేతుల్లో అన్నం క్యారేజీలు. పట్టుకోవడానికి తొట్టి అంచు తప్ప ఏమీ ఉండదు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి, మిరపకోతకు పోతున్న 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న వేములకొండ దగ్గర మూసీ కాలువలో 15 మంది. అప్పుడు కన్నీరు కార్చిన పెద్దలు చాలామందే. ఆ తరువాత ఏం చేశారు?

ట్రాక్టరు పుట్టింది దుక్కికి. ట్రక్కు పుట్టింది ధాన్యానికి, ఎరువుకు. ఎక్కువ బరువు పట్టాలని వెల్డింగు షాపులో దాని ఛాసీ కోసి పొడవు పెంచుతారు, కమానుపట్టీలు అదనంగా వేస్తారు, తొట్టి ఎత్తు చేస్తారు. బ్రేకు మాటెత్తే వాడుండడు. బరువు పైకి పోయేకొద్దీ బండి తేలిగ్గా ఒరుగుతుంది. బ్రేకు లేని ట్రక్కు పల్లంలో ముందున్న ట్రాక్టరునే నెట్టేస్తుంది. కాలువకట్ట మీద మూరెడు పక్కకు జరిగితే చాలు, ప్రాణాలు పోతాయి.

చట్టం లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. వెనక ఎర్రదీపాలు, రిఫ్లెక్టర్లు ఉండాలి. మరి బ్రేకు ఇన్‌స్పెక్టరు మన ఊరికి వచ్చేదెప్పుడు? శవాలు లేచాక! అప్పుడు బీమా కంపెనీ కూడా వచ్చి, సరుకు బండిలో మనుషులు ఎక్కితే మాకు బాధ్యత లేదని కోర్టులో వాదిస్తుంది. చచ్చిన మనిషి ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కాలి.

"ఎక్కమన్నదెవరు?" అని కొందరు బాబులు అడుగుతున్నారు. ఆ వేళకు ఆ పొలాలకు బస్సు ఏదీ? ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది. చిన్న రైతు ట్రాక్టరు జప్తు చేయమని మేము అడగడం లేదు. అప్పు చేసి కొన్న బండి పోతే అతనూ కూలీయే అవుతాడు.

మేము కోరేది ఇది. పనుల సీజనుకు ముందే మండలాలలో ఉచిత తనిఖీ శిబిరాలు పెట్టాలి. బ్రేకులు, దీపాలు సరిచేసుకోవడానికి చిన్న రైతుకు సాయం చేయాలి. ఛాసీలు ఇష్టం వచ్చినట్టు కోసే షాపుల మీద నిఘా ఉండాలి. కూలీలకు పొద్దున్నే బస్సులు నడపాలి. దూరం పనికి పిలిచిన ఆసామే మనుషులు ఎక్కదగిన బండి పెట్టాలి.

కూలి అక్కచెల్లెళ్ళకు ఒక మాట. బస్సు వచ్చేదాకా కొట్లాడదాం. ఈలోగా వెనక దీపం వెలుగుతున్నదా, కొక్కెం పిన్ను గట్టిగా ఉన్నదా, బ్రేకు పడుతున్నదా అని మేస్త్రిని నిలదీయండి. ఒక్కరడిగితే రేపటినుంచి పనికి రావద్దంటాడు. ముఠా అంతా అడిగితే బండి బాగుచేయించక తప్పదు.