ఇంతకీ ఆ పిల్లవాణ్ణి ఎవరైనా అడిగారా?

మగవాళ్లు ఆటల గురించి మాట్లాడుకునేటప్పుడు వాడే మాటలు ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? "వాణ్ణి అమ్మేశారు", "వీణ్ణి కొన్నారు", "ఇద్దరినిచ్చి ఒకణ్ణి తెచ్చుకున్నారు", "ముసలోడైండని వదిలించుకున్నారు." ముందూ వెనకా తెలియనివాళ్లు వింటే అంగట్లో ఎడ్ల బేరం అనుకుంటారు. మాట్లాడుకునేది మాత్రం మనుషుల గురించే. డిగ్రీలో తెలుగు చదువుకున్న పాపానికి నాకు ఆట కంటే ముందు మాటలే వినపడతాయి.

మా ఇంట్లో ఈ బేరాల ముచ్చట 2025 నవంబరులో బాగా ముదిరింది. ఐపీఎల్‌లో చెన్నై జట్టు రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజు శాంసన్‌ను తెచ్చుకుంది. దీన్ని ట్రేడ్ అంటారట. వేలం పాట లేకుండా రెండు జట్లూ తమలో తాము మాట్లాడుకుని ఆటగాళ్లను మార్చుకోవడం. అదే రోజుల్లో మన హైదరాబాద్ జట్టు మహ్మద్ షమీని లక్నోకు ఇచ్చేసింది. ఇక చూడండి, పొద్దున చాయ్ దగ్గర మొదలైతే రాత్రి కంచాలు ఎత్తేదాకా అదే. ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎవరు ఎవరిని ముంచారు.

అయితే జరిగిన బేరం కంటే జరగని బేరం మీదే వీళ్లకు పట్టింపు ఎక్కువ. మా ఆయన 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచిన నాటి అభిమాని. ఆయన గుండెలో ముల్లు 2012 నాటిది. ఆ ఏడాది వేలంలో జడేజా కోసం మన డెక్కన్ చార్జర్స్, చెన్నై సూపర్ కింగ్స్ పోటీపడ్డాయి. ఇరవై లక్షల డాలర్లు దాటి పాడకూడదని నియమం. ఇద్దరూ ఆ హద్దు దాకా వచ్చి ఆగారు. అప్పుడు ఎవరికివారు చాటుగా కాగితం మీద ఒక మొత్తం రాసివ్వాలి, ఎక్కువ రాసినవాళ్లకు ఆటగాడు. చెన్నై ఎక్కువ రాసింది. ఇందులో నాకు విచిత్రమనిపించింది ఏమిటంటే, అలా కాగితం మీద రాసిన పై డబ్బు ఆటగాడి జీతంలో కలవదు. పోటీ అతని కోసం, పైకం మాత్రం లీగుకు.

"ఆనాడు మనోళ్లు ఇంకింత రాసుంటే జడేజా మనోడైతుండె" అంటారు మా ఆయన, పదమూడేళ్లయినా. మా మరిది చెన్నై పక్షం. "రాసినా ఏం లాభం అన్నా? ఆ ఏడాదే మీ జట్టు ఎత్తిపాయె" అంటాడు. అదీ నిజమే, 2012 సెప్టెంబరులో డెక్కన్ చార్జర్స్‌ను రద్దు చేశారు, ఆ తర్వాతే సన్‌రైజర్స్ వచ్చింది. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకు పది పరుగులు కావలసి ఉంటే జడేజా ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టి చెన్నైని గెలిపించిన సంగతి మరిది ఎత్తగానే మా ఆయన లేచి బయటికి వెళ్లిపోతారు.

నేను అడిగింది ఒక్కటే. "ఇంతకీ ఆ రోజు ఆ పిల్లవాడు ఎటు పోవాలనుకున్నాడో ఎవరైనా అడిగారా?"

ఇద్దరూ నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను. "వదినా, ఇది ఆట, పైగా వ్యాపారం. దీంట్ల మనసు ముచ్చట పెట్టకు" అన్నాడు మరిది.

కానీ ముచ్చట అక్కడే ఉంది. జడేజా అంతకు ముందే ఒకసారి తన మనసులో మాట బయటపెట్టాడు. 2008లో మొదటి ఐపీఎల్ గెలిచిన రాజస్థాన్ జట్టులో అతనొక కుర్రవాడు. ఒప్పందం పొడిగింపు మీద సంతకం పెట్టకుండా వేరే జట్టుతో, ముంబైతో, మాట్లాడుకున్నాడని 2010లో అతన్ని ఆ ఏడాది మొత్తం ఐపీఎల్ ఆడకుండా నిలిపేశారు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ముంబై బేరం కుదరలేదు, రాజస్థాన్‌తో బంధం తెగింది, ఆటా పోయింది. మరుసటి ఏడాది వేలంలో కొచ్చి జట్టు తీసుకుంది. ఆ జట్టే రద్దయింది. మళ్లీ వేలం, ఆ కాగితాల పోటీ, చెన్నై. ఇన్ని చేతులు మారడంలో అతను తనంతట తాను వేసిన అడుగు ఒకటే. శిక్ష పడింది ఆ ఒక్క అడుగుకే.

నియమం ఎందుకు పెట్టారో నాకూ తెలుసు. ఎవరు పడితే వాళ్లు ఎటు పడితే అటు వెళ్తే డబ్బున్న జట్టే అందరినీ లాగేసుకుంటుంది, చిన్న జట్లు మిగలవు. మాట ఇచ్చిన చోట నిలబడాలి. అది న్యాయమే. నా పేచీ నియమంతో కాదు, అది ఒకవైపే కోసే కత్తి కావడంతో. జట్టుకు ఆటగాడు వద్దనిపిస్తే సీజన్ అయ్యాక వదిలేయొచ్చు. 2016లో మన సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్ సంగతి చూడండి. ఎక్కడి ఆస్ట్రేలియా మనిషి, మన తెలుగు పాటలకు కుటుంబంతో కలిసి గంతులేసి ఇంటింటి బిడ్డ అయ్యాడు. 2021లో సీజన్ నడుస్తుండగానే అతన్ని కెప్టెన్సీ నుంచి తీసేశారు, తర్వాత జట్టులోంచే వదిలేశారు. దానికి పేరు "జట్టు అవసరం". అదే ఆటగాడు తనంతట తాను వెళ్తానంటే దానికి పేరు "ద్రోహం". ఈ రెండు మాటలు మనకు కొత్తవా? కోడలు వేరుపడదామంటే ఇల్లు చీల్చింది. ఇంటివాళ్లే వేరుపెడితే ఆస్తి పంపకం.

ఈ గొడవ నడుస్తుండగా మా పెద్దోడు ఫోను పక్కన పెట్టి నోరు విప్పాడు. వాడిది ఫుట్‌బాల్ పిచ్చి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పటి నుంచి ఆ పిచ్చి ఇంకా ఎక్కువైంది. "అమ్మా, నువ్వనేది ఎప్పుడో కోర్టుకెక్కింది" అని ఒక కథ చెప్పాడు. నాకది నచ్చి, వాడి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. పేరుమోసినవాడేం కాదు. 1990లో లియేజ్ అనే జట్టుతో అతని ఒప్పందం ముగిసింది. ఉండాలంటే ఉండు గానీ జీతం పావు వంతే ఇస్తామన్నారు. అతను వద్దని, ఫ్రాన్సులో డంకెర్క్ జట్టుకు పోతానన్నాడు. రెండు జట్ల మధ్య బేరం కుదిరినట్టే కుదిరి చెడింది. ఆ ఫ్రాన్సు జట్టు డబ్బు కట్టగలదో లేదోనని లియేజ్ వాళ్లకు అనుమానం, కావలసిన కాగితం కదిలించలేదు. ఒప్పందం ముగిసినా మనిషిని పోనివ్వరు, ఉంచుకుని ఆడనివ్వరు. అతను కోర్టుకు వెళ్లాడు. అయిదేళ్లు పట్టింది. 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరప్ దేశాల్లో వేరే జట్టుకు వెళ్తానంటే పాత జట్టు డబ్బు అడిగి ఆపకూడదని. ఇవాళ కోట్లు గడించే ఆటగాళ్లంతా ఆ తీర్పు పుణ్యాన బాగుపడ్డవాళ్లే. బోస్మన్ ఆట మాత్రం ఆ అయిదేళ్లలో కరిగిపోయింది.

చెడిన బేరంలో జట్లు నష్టపోయేది డబ్బు. మనిషి నష్టపోయేది వయసు. జట్టు వచ్చే ఏడు ఇంకొకణ్ణి కొనుక్కుంటుంది. ఆటగాడి కాళ్లలో ఉన్న ఏళ్లు మళ్లీ రావు. అభిమానుల లెక్కలో ఈ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఈ ట్రేడ్ అనే మాటకు మన దగ్గర ఎప్పటి నుంచో పేరుంది. కుండమార్పిడి. మా పిల్ల మీ ఇంటికి, మీ పిల్ల మా ఇంటికి. ఖర్చు కలిసొస్తుంది, కట్నాలు చెల్లుకు చెల్లు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ నిజాయితీపరులు. పిల్లల్ని కుండలని పేరులోనే చెప్పేశారు.

మా పుట్టింటి వైపు మొన్నమొన్ననే ఇలాంటి సంబంధం ఒకటి నడిచింది. మా తమ్ముడికి ఒక కొడుకు, ఒక బిడ్డ. అవతలి ఇంట్లోనూ అంతే. పెద్దవాళ్లు రెండు నెలలు మాట్లాడుకున్నారు. పొలం ఎంత, బంగారం ఎంత, ఏ పెళ్లి ముందు, ఏది వెనక. అన్నీ అయ్యాక అవతలి పిల్ల, నేను ఇంకా చదువుకుంటానని గట్టిగా కూర్చుంది. ఆ కుండ కదలకపోయేసరికి ఈ కుండా ఆగింది.

ఆ తర్వాత మొదలైంది అసలు చర్చ. ఏ శుభకార్యంలో కలిసినా, ఏ దినానికి వెళ్లినా అదే ముచ్చట. "బంగారం దగ్గర పట్టుబట్టకుండ ఉండాల్సింది", "అర ఎకరం ఎక్కువ రాస్తమంటే అయిపోతుండె", "మంచి సంబంధం చేజారె." అచ్చం మా ఆయన జడేజా ముచ్చటే, పేర్లే వేరు. ఈ లెక్కలన్నీ తేలేలోపు మా మేనకోడలికి ఒక పేరు వచ్చిపడింది, "సంబంధం తప్పిపోయిన పిల్ల" అని. తర్వాత వచ్చినవాళ్లు ఇద్దరు, ఎందుకు తప్పిపోయిందని ఆరా తీసి మరీ వెనక్కి తగ్గారు.

ఆ పిల్ల ఒక రోజు నా దగ్గర కూర్చుని మిర్చి తొడిమలు తీస్తూ అన్నది. "అత్తా, తప్పిపోయిందంటరు గనీ, నాకు దొరికిందెప్పుడు? ఆ పిల్లగాణ్ణి నేను ఒక్కపారి గూడ చూడలే. నన్ను అడిగితే అప్పుడే చెప్పేదాన్ని గద, నాకు బీఈడీ అయ్యేదాక వద్దని."

ఒక్కపారి అడిగితే తేలిపోయే సంగతి. రెండు నెలల మాటలు, ఏడాది మచ్చ. అవతలి పిల్ల అడగకపోయినా చెప్పింది కాబట్టి ఆమెను మొండిదన్నారు. ఇవతలి పిల్ల అడగలేదు కాబట్టి చెప్పలేదు, అయినా మాట పడింది. ఎటు చూసినా మచ్చ పిల్లదే, బేరం చేసినవాళ్లది కాదు.

మరిది అన్నట్టు ఆట వ్యాపారమే. కానీ ఆ వ్యాపారంలోనైనా ఇవాళ ఒక మంచి నియమం ఉంది. ఐపీఎల్‌లో ట్రేడ్ జరగాలంటే ఆటగాడి ఒప్పుకోలు ఉండాలి. అతను వద్దంటే రెండు జట్లూ ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు. తను వెళ్తానన్నా జట్టు వదలకపోతే వెళ్లలేడు, అదొక లోటు. అయినా అడగడమంటూ ఉంది. కోట్ల రూపాయల బేరంలో అడుగుతున్నారు. మన ఇంటి బేరంలో అడగటానికి ఏమడ్డం?

ఇంకొక తేడా కూడా చెప్పాలి. ఆటగాణ్ణి తీసుకుపోయేవాళ్లు అతని చేతిలో డబ్బు పెట్టి తీసుకుపోతారు. పిల్లను తీసుకుపోయేవాళ్లకు మనమే ఎదురు పెడతాం. 1961 నుంచి చట్టం వద్దంటున్నా పెడుతూనే ఉన్నాం. ఇంత ఇచ్చేవాళ్లం, ఇవ్వబోయే ముందు ఆ పిల్లను ఒక మాట అడిగితే ఖర్చేమీ పెరగదు.

అడగడమంటే కూడా చెబుతాను. చుట్టాలందరి ముందు "నీకిష్టమేనా బిడ్డా?" అని అడగడం అడగడం కాదు. అప్పుడు తల ఊపడం తప్ప ఇంకేముంటుంది? పొలం, బంగారం మాటలకు ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తల్లో మేనత్తో పక్కన కూర్చుని అడగాలి. వద్దంటే ఎందుకని వినాలి. అవునంటే ఆ సంగతి మాటల్లో మొదట పెట్టాలి. ఒకవేళ బేరం చెడితే, చెడింది పెద్దవాళ్ల మాట గానీ పిల్ల కాదని నలుగురిలో మనమే చెప్పాలి. ఆ మాట చెప్పవలసింది ఎక్కువగా మనమే, ఆడవాళ్లమే, ఎందుకంటే "తప్పిపోయిన పిల్ల" అనే మాట మగవాళ్ల కంటే మన నోళ్లలోనే ఎక్కువ తిరుగుతుంది.

మా మేనకోడలు ఈ ఏడు బీఈడీలో చేరింది. మొన్న ఒకాయన తొర్రూరు వైపు సంబంధం ఒకటుందని కబురు పంపాడు. మా తమ్ముడు నాకు ఫోను చేసి, "అక్కా, ఏమంటవ్?" అన్నాడు.

"నన్నెందుకురా అడుగుడు? నీ బిడ్డ పక్కనే ఉన్నదా? ఫోను దానికియ్యి" అన్నాను.