సర్టిఫికెట్ తర్వాత ఏమిటి?

సదరం శిబిరానికి ఓ తల్లి ఆరేళ్ల బాబును చంకనెత్తుకుని వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ. సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పాను. ‘‘పింఛను సరే సార్, వీడికి నడక నేర్పేదెక్కడ?’’ అంది. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు జిల్లా ఆసుపత్రికి రావాలి. వచ్చినప్పుడల్లా ఆ రోజు కూలి పోయేది. నెల తిరక్కుండానే మానేసింది. సాధన ఆగితే బాబు కాళ్లు బిగుసుకుపోతాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పునరావాస సేవలు అందించాలనీ చెప్పింది. కానీ ‘ఆర్థిక స్తోమత మేరకు’ అని మెలిక పెట్టింది. ఆ మెలిక దగ్గరే ఇలాంటి పిల్లల చికిత్స ఆగిపోతోంది.

మండలానికో ఫిజియోథెరపిస్టును పెట్టాలి. తల్లికి దారి ఖర్చులివ్వాలి. అందుకు బడ్జెట్‌లో విడిగా నిధులుండాలి. పక్షవాతమో, రోడ్డు ప్రమాదమో... రేపు ఈ అవసరం మన ఇంటికీ రావచ్చు. ఓటడగడానికి వచ్చినవారిని మనమూ ఈ మాట అడుగుదాం.