బీపీ ఉన్నవాళ్లకు ఫ్లూ మామూలు జ్వరం కాదు

‘‘పడిశం జ్వరానికి గుండెపోటు వస్తుందా సార్?’’

ఐసీయూ బయట ఒక పెద్దావిడ నన్నడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్త రిటైరైన హైస్కూలు మాస్టారు. వయసు 62. పన్నెండేళ్లుగా బీపీ ఉంది, మాత్రలూ క్రమం తప్పకుండా వాడుతున్నారు. బంధువుల పెళ్లికి వెళ్లొచ్చిన రెండో రోజు చలి, జ్వరం, విపరీతమైన ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. వీధి చివర మందుల షాపులో చెప్పి జలుబు మాత్రలు, నొప్పి మాత్రలు తెచ్చుకున్నారు. ఇన్ని మాత్రలు ఒకేసారి మింగితే వేడి చేస్తుందని బీపీ మాత్ర పక్కన పెట్టేశారు. అయిదో రోజు తెల్లవారుజామున ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం. మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 190/110. ఈసీజీలో గుండెపోటు స్పష్టంగా కనిపించింది. గొంతు నుంచి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లూయెంజా వైరస్ ఉన్నట్టు తేలింది.

మాస్టారి ప్రాణం దక్కింది. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఒక అంతస్తు మెట్లెక్కినా ఇప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోంది.

ఆవిడ ప్రశ్నకు జవాబు... వస్తుంది. కెనడాలోని ఒంటారియోలో జరిపిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. ఫ్లూ ఉన్నట్టు పరీక్షలో తేలినవారిలో మొదటి ఏడు రోజుల్లో గుండెపోట్లు మిగతా రోజులకన్నా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించాయని అందులో తేల్చారు. ఆరు రెట్లనగానే బెంబేలు పడక్కర్లేదు. ఏదో ఒక వారంలో మనకు గుండెపోటు వచ్చే అవకాశం మామూలుగా చాలా తక్కువ. దానికి ఆరు రెట్లన్నమాట. అయితే ఏళ్ల తరబడి బీపీ ఉండి, రక్తనాళాల్లో ఇప్పటికే పూడికలు మొదలైనవారి విషయంలో ఆ మొదటి అంకె అంత చిన్నదేమీ కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఫ్లూ వైరస్ ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లో ఉంటుంది. కానీ దాన్ని ఎదుర్కొనే క్రమంలో శరీరమంతా వాపు ప్రక్రియ రాజుకుంటుంది. రక్తనాళాల గోడల్లో కొవ్వు పూడికలుంటే అవి ఈ సమయంలో చిట్లే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టే స్వభావమూ పెరుగుతుంది. జ్వరంతో గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరితే ఆక్సిజన్ తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా ఏళ్ల తరబడి పనిచేసిన గుండె గోడలు అప్పటికే మందమెక్కి ఉంటాయి. అలాంటి గుండెకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే అది తక్కువగా అందుతుంది. మెదడు రక్తనాళాల్లో ఇలాంటిది జరిగితే పక్షవాతం.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ఫ్లూ తీవ్రమయ్యే ముప్పు ఎక్కువ ఉన్నవారి జాబితాల్లో గుండెజబ్బు, మధుమేహం, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, గర్భిణులు, వృద్ధులు కనిపిస్తారు. వేరే ఏ సమస్యా లేని, అదుపులో ఉన్న బీపీ చాలా జాబితాల్లో విడిగా కనిపించదు. మరి నేనెందుకింత గట్టిగా చెబుతున్నాను? నా ఓపీకి వచ్చేవారిలో ‘బీపీ ఒక్కటే’ ఉన్నవారు తక్కువ కాబట్టి. చాలామందికి తోడుగా షుగర్ ఉంటుంది. కొందరికి కిడ్నీలు సగం దెబ్బతిన్నా ఆ సంగతి తెలియదు. గుండె పరీక్ష ఎప్పుడూ చేయించుకుని ఉండరు. తెలుగు రాష్ట్రాల్లో పదిహేనేళ్లు దాటినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి రక్తపోటు ఎక్కువగా ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వారిలో తమకు బీపీ ఉందని తెలియనివారూ ఉన్నారు. ‘నాది ఉత్త బీపీయే’ అని ధీమాగా చెప్పగలిగేది పరీక్షలు చేయించుకున్నవారే.

ఇంట్లో జరిగే మూడు పొరపాట్లు

మొదటిది, అడగకుండా కొనే జలుబు మాత్రలు. ముక్కు దిబ్బడ తగ్గించడానికి వీటిలో ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ లాంటి మందులు కలుపుతారు. ఇవి ముక్కులోని రక్తనాళాలనే కాదు, ఒంట్లోని మిగతా రక్తనాళాలనూ కుదిస్తాయి. దాంతో బీపీ పెరుగుతుంది. అట్ట మీద కనిపించేది బ్రాండు పేరే. లోపలి మందుల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అందుకే షాపులో మొదట చెప్పాల్సిన మాట ‘నాకు బీపీ ఉంది’ అని. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చాలావరకు సరిపోతాయి.

రెండోది, నొప్పి మాత్రలు, నొప్పి సూదులు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపేస్తాయి. బీపీ మందు పని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, ర్యామిప్రిల్ లాంటి మందుతో పాటు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా వాడుతున్నవారికి, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి తోడైతే కిడ్నీలు దెబ్బతినొచ్చు. త్వరగా తగ్గాలని సూది వేయించుకుంటే అందులో స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. అది బీపీని, షుగర్‌ను రెండింటినీ పెంచుతుంది. జ్వరానికి, నొప్పులకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మేలు. అయితే నీళ్లలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు. అందులో సోడియం ఎక్కువ.

మూడోది, బీపీ మాత్ర మానేయడం. మాస్టారు చేసింది ఇదే. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కొన్ని రకాల బీపీ మందులు వైరస్‌కు దారి తీస్తాయన్న ప్రచారంతో ఎంతోమంది మాత్రలు ఆపేశారు. ఆపొద్దని గుండె వైద్యుల సంఘాలు ప్రకటనలు చేయాల్సి వచ్చింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. వాంతులు, విరేచనాలతో ఏమీ తాగలేని స్థితిలో బీపీ పడిపోవచ్చు. అప్పుడు మోతాదు మార్చాల్సి రావొచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది. మీ పని ఇంట్లో బీపీ చూసుకుని, ఆ అంకెతో ఫోన్ చేయడం.

ఫ్లూ ఉన్నట్టుండి మొదలవుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు కలిసి వస్తాయి. అలా వచ్చినప్పుడు బీపీతో పాటు షుగర్, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవారు, అరవై దాటినవారు మొదటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించుకోవాలి. ఒసెల్టామివిర్ అనే మందు 48 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, తికమక మాటలు, మూత్రం తగ్గడం, ఆక్సిజన్ 94 కన్నా కిందికి పోవడం, తగ్గిన జ్వరం మళ్లీ రావడం... వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికే. మూతి వంకర పోయినా, ఒకవైపు కాలూ చెయ్యీ పట్టుతప్పినా వెంటనే 108.

టీకా మాటేమిటి?

ఓపీలో నేను టీకా మాట ఎత్తగానే ‘అది చిన్నపిల్లలకు కదా’ అంటారు. వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది కాబట్టి ఫ్లూ టీకా పెద్దవాళ్లకూ ఏటా అవసరం. టీకా బాగా సరిపోయిన ఏడాదుల్లో కూడా అది ఫ్లూను ఆపేది నూటికి 40 నుంచి 60 వరకే. అంటే టీకా వేయించుకున్నా ఫ్లూ రావొచ్చు. వస్తే తీవ్రత తగ్గుతుంది. గుండెపోటు వచ్చినవారికి వెంటనే ఈ టీకా ఇచ్చి ఎనిమిది దేశాల్లో 2,500 మందికి పైగా రోగులపై పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాదిలో మరణాలు, మళ్లీ గుండెపోట్లు కలిపి చూస్తే టీకా తీసుకున్నవారిలో తక్కువ. డెన్మార్క్‌లో ఆరు లక్షలకు పైగా బీపీ రోగుల వివరాలు పరిశీలిస్తే, టీకా తీసుకున్నవారిలో ఫ్లూ కాలపు మరణాలు సుమారు 18 శాతం తక్కువగా ఉన్నాయి. టీకా తీసుకునేవారు మిగతా జాగ్రత్తలూ ఎక్కువ తీసుకుంటారు కాబట్టి ఆ తేడా అంతా టీకాదేనని అనలేం. అయినా కొట్టిపారేయదగ్గది కాదు.

సూది రూపంలో ఇచ్చే టీకాలో బతికిన వైరస్ ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు నలత ఉండొచ్చు. గతంలో ఈ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు మాత్రం దూరంగా ఉండాలి. మన దగ్గర ఫ్లూ రెండుసార్లు పెరుగుతుంది, వానల తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి. రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి వానలు ముదరకముందే వేయించుకోవడం మంచిది. అప్పుడు కుదరకపోతే చలికాలానికి ముందైనా సరే.

ఇక నా అసలు అభ్యంతరం. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అప్పటి భయం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఫ్లూ టీకా ఇప్పటికీ జాతీయ టీకాల కార్యక్రమంలో లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలు దాటుతుంది. నెలనెలా ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చి బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా తీసుకెళ్లే పింఛనుదారు ఆ డబ్బు పెట్టలేడు. అందరికీ ఒకేసారి ఇవ్వమని నేననడం లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, బీపీ షుగర్ రెండూ ఉండి అరవై దాటినవారు... ఇలా మొదలుపెట్టవచ్చు. వాళ్లను వెతుక్కుంటూ ఊళ్లు తిరగక్కర్లేదు. మాత్రల కౌంటర్ ముందు వాళ్లే వరుసలో నిలబడి ఉంటారు. ఒక గుండెపోటు రోగికి మేం పెట్టే ఖర్చుతో ఎన్ని టీకాలు వస్తాయో లెక్క వేయడం పెద్ద కష్టం కాదు.

ప్రభుత్వం ఆ నిర్ణయం తీసుకునేదాకా, కొనగలిగిన కుటుంబాలు ఆగక్కర్లేదు. నాన్నకు ఏటా పుట్టినరోజుకు చొక్కా కొంటాం. ఈసారి దాంతోపాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ‘ఈయనకు ఫ్లూ టీకా వేయొచ్చా?’ అని అడగండి. బడికెళ్లే పిల్లలకు జ్వరం వస్తే నాలుగు రోజులు తాతయ్య గదిలో పడుకోబెట్టకండి.

మాస్టారు మొన్న ఓపీకి వచ్చారు. టీకా వేయించుకున్నారు. పక్కనే ఉన్న ఆవిడ, ‘‘నాకూ బీపీ ఉంది కదా సార్, మరి నాకో?’’ అన్నారు. అంతవరకూ ఆ మాట నేనే ఆవిణ్ని అడగలేదు.