పెరటిలోని జీపు

గత మాసమున మన్యపు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. వారికి మామగారి కాలమునాటి జీపొకటి కలదట. తోటకు బోవు దారి రాళ్లతోను గోతులతోను నిండియున్నందున మఱియే బండియు నక్కడికి పోజాలదు. ఇటీవల ఎత్తెక్కునప్పుడు గేరు తనంతట జాఱిపోవుచున్నది. క్రిందనుండి గరగర శబ్దము వచ్చుచున్నది. భర్తగారు సెలవులలో దానిని పెరటిలోనే విప్పి లోపలి భాగములు మార్చి, పనిలో పనిగా నొక పెద్ద డీసెలు ఇంజనును గూడ నెక్కింపవలెనని ముచ్చటపడుచున్నారట. “చేతనున్న రొక్కము రెండు పనులకు చాలదు. ఏది ముందు? అసలిట్టి పని యింటివద్ద చేయదగినదేనా?” అని యామె ప్రశ్న.

ఇంజను మాట తరువాత చూచుకొనవచ్చును, ముందు ఇంజను బలమును చక్రములకు గొనిపోవు భాగములను బాగుచేసికొనుడని మా సమాధానము. ఇంటివద్ద చేయవచ్చును, కాని యొక్క విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అది క్రింద చెప్పెదము.

విల్లీసు కంపెనీవారు 1941 మొదలు 1945 వఱకు యుద్ధముకొఱకు చేసిన బండియే యీ జీపులకు మూలము. 1947లో మహీంద్రావారు బొంబాయిలో వీనిని కూర్పనారంభించిరి. ఎత్తైన ముక్కుతో నేటికిని మన పల్లెలలో నక్కడక్కడ గానవచ్చునది సి.జె.3బి. యను రకము. అమెరికాలో 1968తో దాని తయారు నిలిచిపోయినను మన దేశమున నటుపిమ్మటను చాలకాలము సాగినది. అందుచేతనే దీని భాగములు నేటికిని దొరకుచున్నవి.

రాట్నము త్రిప్పినవారికి దీని మర్మము సులభముగా బోధపడును. రాట్నమున పెద్ద చక్రమొక్క చుట్టు తిరుగులోపల కదురనేకమాఱులు తిరుగును. వేగము హెచ్చి బలము తగ్గును. జీపులో నిది తలక్రిందు. ఇంజను వేగముగా తిరుగును, చక్రము మెల్లగా తిరుగును, బలము హెచ్చును. ఈ జీపు మొదటి గేరులో 2.80 రెట్లు; దాని వెనుకనున్న ట్రాన్స్ఫరు కేసును ‘లో’ యందుంచినచో మఱి 2.46 రెట్లు, ఇరుసులో 8 పండ్ల పినియను 43 పండ్ల క్రౌనును త్రిప్పుటచే ఇంకను 5.38 రెట్లు. మూడింటిని హెచ్చవేసి చూడుడు: దాదాపు 37. ఇంజను 37 చుట్లు తిరిగినగాని చక్రమొక్క చుట్టు తిరుగదు. రాపిడికి పోయినది పోగా, ఇంజను బలము ఇంచుమించు అన్ని రెట్లై చక్రమును చేరును.

ఇప్పుడు పెద్ద ఇంజను పెట్టినచో ఏమగును? దాని బలమును 37 రెట్లగును గదా! అరిగిన పండ్లును వదులైన బేరింగులును దానిని భరింపజాలవు. నాడు గరగరలాడినది నేడు విఱుగును, అదియు కొండదారి నడుమ. ట్రాన్స్ఫరు కేసు మధ్యనున్న చిన్న ఇరుసు చరిత్రయే దీనికి సాక్ష్యము. యుద్ధకాలపు జీపులో దాని మందము ముప్పాతిక అంగుళము. అది త్వరగా నరుగుచుండుటచే తరువాత 1-1/8 అంగుళములకును, పిమ్మట 1-1/4 అంగుళములకును పెంచిరి. సోదరి భర్తగారికి ‘మెఱుగుపఱచు’ కోరిక యున్నచో, తమ బండిలోని యిరుసు ఏ మందముగలదో ముందుగా కొలిచి చూచుకొందురు గాక.

గేరు జాఱుటకు హేతువులు పెక్కు. గేరుకఱ్ఱ క్రింద గేరును పట్టియుంచు చిన్న గుండును దాని స్ప్రింగును గలవు. స్ప్రింగు నీరసించినను గేరు జాఱును. అది కొద్ది రూపాయల పని గావున దానినే ముందు చూడవలెను. (ఈ మాట చెప్పకుండ పెట్టెనంతను విప్పించు మేస్త్రీలును గలరు.) పండ్ల యంచులు గుండ్రబడినను, బేరింగులు వదులైనను మాత్రము పెట్టెను దింపక తప్పదు.

పెట్టె విప్పునప్పుడు సూదులవంటి సన్నని ఉక్కు కడ్డీలు రాలును. అవియే నీడిలు బేరింగులు. ఒక్కటి తప్పిపోయినను పని చెడును. పాత తెల్లని దుప్పటి పఱచి దానిపై విప్పమనుడు, రాలినవి కంటబడును. ఏ భాగమునకాభాగము వేఱు వేఱు పళ్లెములలో నుంచి పేరు వ్రాసిన చీటీ వేయుట మనకు బాగుగా తెలిసిన పని. పప్పుడబ్బాల నమరించువారికి దీనిని నేర్పనక్కఱలేదు. తిరిగి కూర్చునప్పుడు ఆ సూదులను గ్రీసుతో నంటించి నిలుపుదురు. గ్రీసు పిమ్మట నూనెలో కలిసిపోవును.

నూనె విషయమునను పొరపాటు వచ్చుచుండును. జి.ఎల్.-5 అను నూనె క్రౌను పినియనులకు మంచిది. కాని యందలి గంధకపు మందులలో కొన్ని గేరుపెట్టెలోని కంచు ఉంగరములను తినివేయును. కావున గేరుపెట్టెకు జి.ఎల్.-4 పోయుట మేలు. ఈ జీపులలో పెట్టెలోని నూనె ట్రాన్స్ఫరు కేసులోనికి చేరుట సామాన్యము గనుక రెంటికిని అదియే పోయవలెను. అంగడివాడు “అన్నియు నొక్కటే” అనినను వినరాదు.

ఇక జాగ్రత్త చెప్పెదమంటిమి గదా.

మా యింటనే జరిగినది చెప్పెదము. మా మఱది పెరటిలో జీపు క్రింద పరుండి, గేరుపెట్టెనుండి యిరుసులకు బోవు రెండు షాఫ్టులను విప్పినాడు. చేతి బ్రేకు బిగించియే యున్నది. గేరును వేసియే యున్నది. పైకి వచ్చి జాకీ దింపినాడు. మా పెరడు నూతివైపునకు కొంచెము వాలు. దాదాపు వేయి కిలోల బండి చప్పుడైనను లేక కదలి, పదియడుగులు పోయి, తులసికోటను కొట్టి నిలిచినది. ఆ కోటమ్రోల కూర్చుండి చింతగింజలాడుకొనుచున్న మా తోడికోడలి కూతురు అప్పుడే మజ్జిగకై లోనికి వచ్చినది. ఆ రాత్రి మా యింట నెవరికిని అన్నము సహింపలేదు.

కారణము పిమ్మట తెలిసినది. ఈ పాత జీపుల చేతి బ్రేకు చక్రములను పట్టునది కాదు. ట్రాన్స్ఫరు కేసు వెనుక, షాఫ్టు మొదట నొక చిన్న డ్రమ్ము కలదు. బ్రేకు దానిని మాత్రమే పట్టును. షాఫ్టులు విప్పినపిదప డ్రమ్మునకును చక్రములకును సంబంధము తెగినది. ఇక బ్రేకెంత బిగించిన నేమి, గేరు వేసిన నేమి? బండి త్రోపుడుబండియే. కావున షాఫ్టు మీద చేయి వేయుటకు ముందే చక్రములకు ముందును వెనుకను బరువైన చెక్కలు బిగింపుడు. బండి సమనేలపై నుండవలెను. క్రిందికి దూఱువారు జాకీనొక్కదానినే నమ్మరాదు. ఇనుప స్టాండులపై నిలుపవలెను. ఇటుకలు పేర్చిన లాభములేదు. అవి చెప్పకయే చిట్లును. పిల్లలు వీధివైపు ఆడుకొందురు గాక. ఈ యేర్పాట్లు పూర్తియైనవని గృహిణి తాను స్వయముగా చూచినగాని పనిముట్ల పెట్టెను ఇవ్వకున్నను తప్పులేదు.

సొమ్ము మిగిలినచో ముందుచక్రములకు బిగించు లాకింగు హబ్బులు కొనదగినవి. 1948లో ఆర్థరు వార్ను అను నాతడు అమెరికాలో వీనిని జీపులకై చేయ మొదలిడెను. మంచి దారిని వీనిని వదలినచో ముందుచక్రములు తమ యిరుసును త్రిప్పనక్కఱలేక స్వేచ్ఛగా తిరుగును, అరుగుదల తగ్గును. తోటదారి రాగానే దిగి చేతితో బిగించుకొనవలెను. వానలో నది కొంచెము విసుగే.

గరగర శబ్దము బండి లాగునప్పుడు వచ్చుచున్నదో, కాలు తీసినప్పుడు వచ్చుచున్నదో సోదరి వ్రాయలేదు. ఒకమాఱు ప్రక్కన కూర్చుండి విని వ్రాసినచో, క్రౌను పండ్లకు నీలిరంగు పూసి యతుకు చూచు విధమును వచ్చు మాసమున వివరించెదము.