ఎవరి కోసం ఆ బోర్డు?

పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట నుండి వచ్చే రోడ్డు సూళ్లూరుపేటలో కలుస్తుంది. ఇక్కడి మన కుటుంబాలలో ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో తమిళం కూడా వినవస్తాయి. మనసు కుదురు తప్పినవారిని కొందరు కసుమూరు, ఏ.ఎస్.పేట దర్గాలకు తీసుకువెళ్తారు. దువా చేయించడంపై మాకు పేచీ లేదు, చికిత్స మానడంపైనే. 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో సంకెళ్లతోనే 28 మంది కాలిపోయిన సంగతి మరువరానిది.

అయితే చికిత్సకు వెళ్లినవారూ వెనుదిరుగుతున్నారు. కాన్పు తరువాత నిద్రపట్టక కుమిలిపోతున్న ఒక కోడలిని అత్తగారు ఒక ప్రైవేటు కౌన్సెలరు వద్దకు తీసుకువెళ్లారు. బోర్డుపై "అన్ని మానసిక సమస్యలకు" అని ఉంది. ఆయన చేసే పనంతా పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులతోనని తరువాత తెలిసింది. తమిళనాడు నుండి వచ్చిన ఆ అమ్మాయికి తెలుగు రాదు, ఆయనకు ఉర్దూ రాదు. అత్తగారే తర్జుమా చేశారు! ఇక ఆమె ఏం చెప్పుకోగలదు? రెండు సిట్టింగులతో ఆపేశారు.

తప్పు సీటుకు చేరిన ఫైలు ఎంత న్యాయమైనదైనా కదలదు. గుమాస్తాగిరీ చేసినవారం, మాకది తెలుసు. కొత్తగా ప్రాక్టీసు పెడుతున్న మన యువతీయువకులు అందరినీ పిలిస్తే ఎక్కువమంది వస్తారనుకుంటారు. వస్తారు, నిలవరు. ఏ సమస్యలను చూస్తారు, ఏ భాషలలో మాట్లాడతారు, ఫీజు ఎంత, మహిళా కౌన్సెలరు ఉన్నారా అన్నవి బోర్డుపైనే చెప్పాలి. ముందుగా ఫోనులో పది నిమిషాలు వినాలి. తమకు చేతకాని కేసును తగినవారి వద్దకు పంపాలి. కాన్పుల డాక్టర్లతో, టీచర్లతో, జమాత్ కమిటీలతో పరిచయం ఉంటే తగిన క్లయింట్లు తామే వెతుక్కుంటూ వస్తారు.

ముస్లిముకు ముస్లిమే కావాలని మేము అనము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షను చికిత్సలో మతవివక్షను నిషేధించింది. 23వ సెక్షను రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. అత్తగారి తర్జుమాలో ఆ గోప్యత ఎక్కడిది? ఫీజు భరించలేనివారికి 14416 నంబరులో టెలీ మానస్ ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ కోడలు ఇప్పుడు చెన్నైలో ఉర్దూ తెలిసిన ఒక డాక్టరమ్మ వద్దకు వెళ్తోంది. అత్తగారే తోడు వెళ్తారు, కానీ బయట బెంచీపై కూర్చుంటారు.