పడకపై పాదయాత్ర

కాలు సవ్యముగా ఆడుచున్నంత కాలము మనిషికి తనకు కాలున్నదన్న సంగతే జ్ఞాపకముండదు. అది మొరాయించిన నాడు మాత్రము ఇంటి గడప కూడా కొండవలె కనిపించును. ఈ సత్యము మాకు పుస్తకములలో తెలిసినది కాదు; అనుభవములో తెలిసినది. అయితే ఆ అనుభవమును దాటించినవి మాత్రము పుస్తకములే. అందుచేత ఈ సంచికలో ఆ పుస్తకములను గూర్చి, వాటిని చదివిన పిదప మాలో కలిగిన ఒక అభిప్రాయమును గూర్చి, నాలుగు మాటలు వ్రాయదలచినాము.

గత శీతకాలములో విద్యార్థులతో కలిసి భువనగిరి కోటకు విహారయాత్రగా పోయినాము. నేలనుండి ఒకే బండగా లేచిన ఆ కొండకును, చాళుక్య రాజైన త్రిభువనమల్ల విక్రమాదిత్యునికిని గల సంబంధము చరిత్ర చదివినవారికి తెలిసినదే. ఎక్కునప్పుడు ఏ కష్టమూ కలుగలేదు. పైన నిలబడి పిల్లలకు కొంత చరిత్ర, కొంత కవిత్వము చెప్పినాము కూడా. దిగునప్పుడు, ఆ ఉపన్యాసము ఇంకను సాగుచుండగానే, నునుపుదేరిన రాతిపై కుడికాలు జారినది. చీలమండ విరిగినది. తప్పు కొండది కాదు. మాటల ధ్యాసలో అడుగును మరచిన మాది. ఫలహారమునకు పరచిన జంపఖానానే డోలీగా చేసి, నాలుగు చెరగులను నలుగురు విద్యార్థులు పట్టుకొని, మమ్ములను క్రిందికి దించినారు. వైద్యులు పిండికట్టు వేసి, ఆరు వారములు కాలు నేల మోపరాదని ఆజ్ఞాపించినారు.

మొదటి వారము నొప్పితో గడచినది. రెండవ వారము నొప్పి తగ్గి విసుగు మొదలైనది. నిలువలేనివాడు కూర్చుండియు, కూర్చుండలేనివాడు పరుండియు నమాజు చేయవచ్చునని మా ధర్మము అనుమతించినది. దినమునకు ఐదుమార్లు ఆ సడలింపును అనుభవించుచుండగా మాకొక ఆలోచన కలిగినది. నిలువలేనివానికి ప్రార్థన నిషిద్ధము కానప్పుడు, నడువలేనివానికి నడక మాత్రము ఏల నిషిద్ధము కావలెను? పడుకొని కూడా నడువవచ్చును గదా! పరామర్శకు వచ్చిన విద్యార్థులు “ఏమైనా తెమ్మందురా సార్?” అని అడిగినప్పుడు పండ్లు వలదని, కొండలను గూర్చియు ప్రయాణములను గూర్చియు వ్రాసిన పుస్తకములు తెమ్మని కోరినాము. గ్రంథాలయమునుండి కొన్ని, పాత పుస్తకముల అంగళ్ళనుండి కొన్ని వచ్చి మంచము ప్రక్కన గుట్టగా పేరుకొన్నవి.

ముందుగా చేతికి వచ్చినవి శిఖరవిజయ గాథలు. అందులో ముఖ్యమైనది ఫ్రెంచి పర్వతారోహకుడు మారిస్ హెర్జోగ్ అన్నపూర్ణ శిఖరమును గూర్చి చెప్పిన గ్రంథము. 1950 జూన్ 3న ఆయనయు, లూయీ లాషెనాల్ అను సహచరుడును 8,091 మీటర్ల ఆ శిఖరమును చేరినారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరమును మానవుడు అధిరోహించుట అదే ప్రథమము. మంచు కాటుకు హెర్జోగ్ చేతివ్రేళ్ళు, కాలివ్రేళ్ళు పోయినవి. కలము పట్టలేక ఆసుపత్రి పడకపైనుండి చెప్పుచుండగా ఇతరులు వ్రాసికొన్న పుస్తకమది. పడకపైనుండి పుట్టిన పుస్తకమును పడకపై చదువుచుంటిమన్న ఆత్మీయతతో రెండు రాత్రులలో ముగించినాము.

దాని ఫలితము వినండి. అంతటి బాధను ఓర్చినవారుండగా చీలమండ ఎంత అన్న పౌరుషము మాకు పుట్టుకొచ్చినది. నాల్గవ వారములో ఒక రాత్రి ఇంటివారందరు నిద్రించుచుండగా, కఱ్ఱ సాయముతో లేచి, కట్టు కట్టిన కాలిని నేలపై మోపినాము. ఒక్క అడుగు! అంతే. ఆ అడుగు మాకు మరి రెండు వారముల మంచవాసమును సంపాదించిపెట్టినది. వైద్యులు పెట్టిన చీవాట్లు వేరుగా చెప్పనక్కరలేదు. వీరగాథలు చెడ్డవని మేమనము. కాని కోలుకొనుచున్న మనిషికి అవి పథ్యము కావు. శరీరము ఓర్పును కోరుచున్న వేళ అవి పంతమును నేర్పును. పైగా, హెర్జోగ్ చెప్పినదే పూర్తి కథ కాదని తరువాత తెలిసినది. జట్టులోని తక్కినవారు ఐదేండ్లపాటు ఏమియు ప్రచురింపరాదన్న ఒప్పందముపై ముందే సంతకములు చేసియుండిరి. లాషెనాల్ వ్రాసికొన్న దినచర్య కత్తిరింపులు లేకుండ వెలువడుటకు 1996 వరకు వేచియుండవలసివచ్చినది.

తరువాత చేతికి వచ్చిన కథ జాన్ మ్యూర్‌ది. స్కాట్లండులో 1838లో పుట్టి అమెరికాలో పెరిగిన ఈయన 1867లో ఇండియానాపోలిస్ పట్టణమున ఒక కర్మాగారములో పనిచేయుచుండగా, ఆకురాయి జారి మొన కుడికంటిలో గ్రుచ్చుకొన్నది. కొలది కాలములోనే రెండవ కన్నుకూడ చూపు కోల్పోయినది. చీకటిగదిలో వారముల తరబడి పడియుండి, చూపు తిరిగివచ్చినచో దానిని యంత్రములకు గాక అడవులకు, కొండలకు అర్పింతునని నిశ్చయించుకొన్నాడు. చూపు వచ్చినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో కెంటకీనుండి బయలుదేరి ఫ్లోరిడా సముద్రతీరమువరకు, సుమారు వేయి మైళ్ళు, కాలినడకన పోయినాడు. ఆ నడక దినచర్య ఆయన మరణానంతరము 1916లో పుస్తకముగా వెలువడినది. అందులో విజయమునకు తావులేదు. దారిలో కనిపించిన చెట్టు, ఆకు, ఏరు, అన్నము పెట్టిన ఇల్లు, పెట్టని ఇల్లు, ఇవే అందులోని సంగతులు. చదివిన రాత్రి మేము లేచి నడువ ప్రయత్నింపలేదు, హాయిగా నిద్రించినాము. మంచి నడక పుస్తకమునకు ఇదియే గుర్తని మా అభిప్రాయము.

భూమిపై సంచరించి చూడుమని ఖురాన్ పలుమార్లు ఆదేశించినది. ఆ ఆదేశమును ఇబ్న్ బతూతా కంటె శ్రద్ధగా పాటించినవారు అరుదు. 1325లో, ఇరువదియొకటవ యేట, తాంజీరు నగరమునుండి హజ్‌కు బయలుదేరినవాడు దాదాపు పాతికేండ్లు తిరిగినాడు. ఆ మహాయాత్ర ప్రారంభదినములలోనే ఆయనను జ్వరము పట్టుకొన్నది. నీరసముచేత జీనుపైనుండి పడిపోకుండ తలపాగా గుడ్డతో తన్ను తాను కట్టుకొని సాగినాడట. కడపట స్వదేశము చేరి, 1355లో ఇబ్న్ జుజయ్ అను లేఖకునిచే తన సంచారమును వ్రాయించినాడు. ఎంతటి సంచారికిని నడిచిన నాడు ఒకటి, కూర్చుండి తలచుకొన్న నాడు ఒకటి, రెండు యాత్రలుండునని ఈ గ్రంథము చదివిన పిదప మాకు తోచినది.

ఇక మన తెలుగునకు వత్తము. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను ఎం.ఏ. తరగతిలో పరీక్షకొరకు చదివినాము. ఇప్పుడు దారికొరకు చదివినాము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరులమీదుగా కాశికి పోయి, గయ, కలకత్తాలు చూచి, సముద్రతీరపు బాటను 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరము, ఎక్కడ నీరు దొరకును, ఎక్కడ బాట రాళ్ళమయము, ఏ ఊర ఏ వస్తువు లభించును అన్న వివరములను గుమాస్తా లెక్కవలె వ్రాసిపెట్టినాడు. ఆరోగ్యవంతునికి అది విసుగు పుట్టింపవచ్చును. రోగికి మాత్రము అమృతమే. ఫోనులలోని కొండల చిత్రములు నిమిషములో మాయమగును. ఈ పుస్తకము మనతో అడుగులో అడుగు వేయును. దినమునకు కొన్ని మజిలీల చొప్పున చదివి, గోడమీది పటములో పెన్సిలుతో గీత గీయించుకొనుచు, పదునైదు నెలల యాత్రను మేము ఇరువది దినములలో ముగించినాము.

ఈ పత్రిక పాఠకులు గమనింపదగిన విశేషమొకటి కలదు. వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా పోవుటకు రెండేండ్లు ముందే, 1828లో, ఆ నగరమునుండి యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ అను సంచారి బయలుదేరి లక్నో చేరి, 1837లో ఇంగ్లండుకు పోయినాడు. ఉర్దూలో తొలి సఫర్‌నామాగా పేరుపొందిన ఆయన గ్రంథము 1847లో వెలువడినది. మన కాశీయాత్ర చరిత్ర అచ్చయినది 1838లో. మన కళాశాల రెండు భాషల యాత్రా వాఙ్మయములును దాదాపు ఒకే కాలమున, ఒకే నగరపు దుమ్మును తాకి పుట్టినవన్నమాట. ఉర్దూ, తెలుగు విభాగములు రెండును కలిసి ఈ రెండింటిని ఒకే తరగతిలో ఏల చదువరాదు?

ఇంతవరకు సంతోషమే. కాని కాశీయాత్ర చరిత్ర ముగియువేళకు ఒక సందేహము మమ్ములను పట్టుకొన్నది. వీరాస్వామయ్య పోయినది పల్లకిలో. మరి నడిచినదెవరు? బోయీలు. ఎండలో, వానలో, అడవిలో, ఇసుకలో ఆ బాట బరువును భుజములతోను, దాని వేడిని అరికాళ్ళతోను ఎరిగినవారు వారు. అయినను వారు వ్రాసిన కాశీయాత్ర మనకు లేదు. అన్నపూర్ణనుండి హెర్జోగ్‌ను వానలలో వీపులపైనను, డోలీలపైనను మోసి తెచ్చినవారు షెర్పాలు, కూలీలు. వారి అన్నపూర్ణ ఏది? మోయబడినవాడు వ్రాసినాడు, మోసినవాడు వ్రాయలేదు. యాత్రా వాఙ్మయములోని పెద్ద లోటు ఇదియే.

అట్లని ఇరుప్రక్కల ఎవరును లేకపోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ జట్టులో కూలీగా మొదటిసారి ఎవరెస్టు బాట పట్టిన టెన్జింగ్ నార్గే, 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో కలిసి శిఖరముపై నిలిచినాడు. వ్రాయను చదువను రాకున్నను తన కథను తాను చెప్పుకొన్నాడు. అమెరికా రచయిత జేమ్స్ రామ్సే అల్మన్ దానిని అక్షరబద్ధము చేయగా 1955లో వెలువడినది. బరువు మోయుట అన్న మాటకు ఆ పుస్తకములో ఉన్న అర్థము ఇతర పుస్తకములలో లేదు. జిమ్ కార్బెట్‌ను మనము పులుల కథలతోనే గుర్తింతుము. కాని 1952లో ఆయన ప్రచురించిన మై ఇండియా పేదలను గూర్చిన పుస్తకము. మొకామా ఘాట్‌లో రైలు సరుకులను గంగ దాటించు కూలీలతో ఏండ్ల తరబడి పనిచేసినవాడు గనుక, వారిని మనుషులుగా చూచినాడు. పులుల పుస్తకములకంటె దీనినే ముందు చదువవలెనని విద్యార్థులకు మా సలహా.

ఈ ఆలోచనలలో ఉండగా మా స్వంత కథ జ్ఞాపకము వచ్చి సిగ్గుపడినాము. మేము మాత్రము పల్లకి ఎక్కినవారము కామా? పరామర్శకు వచ్చిన ప్రతివారికిని భువనగిరి కథను ఎన్నిమార్లు చెప్పితిమో లెక్కలేదు. ప్రతిమారును రాయి జారుట, ఎముక విరుగుట, మా నొప్పి, మా ధైర్యము, ఇవే. జంపఖానా పట్టిన నలుగురు ఆ కథలో ఒక్క వాక్యమునకు మించలేదు. ఆ నలుగురిలో ఒకరు పుస్తకములు తిరిగి తీసికొనిపోవుటకు వచ్చినప్పుడు, ఆనాటి దిగుటను గూర్చి వ్రాసి ఇమ్మని అడిగినాము. “మేము నడిచినాము, అంతే గదా సార్. అందులో వ్రాయుటకేమున్నది?” అన్నాడు. పట్టుపట్టగా వారము తరువాత ఉర్దూలో రెండు పుటలు తెచ్చి ఇచ్చినాడు.

ఆ రెండు పుటలు చదివిన తరువాత మాకు తెలిసిన సంగతులివి. రాయిపై పట్టు కొరకు నలుగురును చెప్పులు విప్పి చేతి సంచిలో వేసికొన్నారట. క్రిందివైపు చెరగులు పట్టిన ఇద్దరు దారి పొడవునను చేతులెత్తి పట్టుకొనవలసివచ్చినదట. ఒకని మడమ చీలి రక్తము కారుచుండగా, సార్ చూచిన కంగారుపడుదురని ఎవరును నోరెత్తలేదట. మా కాలు కదలకుండుటకై అడుగు అడుగుకును లెక్క పెట్టుచు దిగినారట. మేమా సమయమున కన్నులు మూసికొని మా బాధను మేమే వినుచుంటిమి. మేము చదివిన గుట్టెడు పుస్తకములలో ఏ పుటయు మా కంట నీరు తెప్పింపలేదు. ఈ రెండు పుటలు తెప్పించినవి.

కావున మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పెదము. నడక పుస్తకమును ఎన్నుకొనుటకు మూడు గుర్తులు చూడవలెను. అది శిఖరముకంటె దారిని ఎక్కువ చూపవలెను. చదువరికి పంతము గాక ఓర్పు నేర్పవలెను. తోడు నడిచినవారిని, బరువు మోసినవారిని పేరు పెట్టి పలుకవలెను. ఈ మూడును ఉన్న పుస్తకములకు మన గ్రంథాలయములో ఒక బీరువా ఏర్పాటు చేయవలెనని యాజమాన్యమునకు మా విన్నపము. చరిత్రలోనొకటి, భూగోళములోనొకటి, మతవిషయములలోనొకటిగా అవి చెదరియుండుటచేత, కావలసినవానికి కంటబడుట లేదు.

విద్యార్థినీ విద్యార్థులకు మరియొక మాట. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమునుపే 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆమె తొలి శిక్షణ పొందినది భువనగిరి బండపైననే. మేము జారిన బండయే! కొండలు మనకు దూరములో లేవు. ఆడపిల్లలకు కొండలెందుకన్నవారికి ఆమె సమాధానము చెప్పియున్నది. లేనిదొక్కటే: మన పిల్లలు తమ పాదములు చూచినదానిని తమ భాషలో వ్రాయుట. మౌలా అలీ గుట్ట ఎక్కినవారు వ్రాయండి. గోలకొండ మెట్లు లెక్కించినవారు వ్రాయండి. నడిచినదానిలో వ్రాయుటకేమున్నదని మాత్రము అనవద్దు.

కట్టు విప్పినారు. కఱ్ఱ ఊతగా ఇంటినుండి కళాశాలకు నడిచి వచ్చుచున్నాము. పూర్వము పది నిమిషములు పట్టిన దారి ఇప్పుడు అరగంట పట్టుచున్నది. ఆ నలుగురిలో ఎవరో ఒకరు దారిలో కలిసి, తమ నడకను తగ్గించుకొని, మా నడకతో కలుపుచున్నారు. తిరిగి భువనగిరి ఎక్కవలెనని మా కోరిక. ఈసారి ఉపన్యాసమీయము, వారు చెప్పగా వినెదము.